విశాఖ ఓడల కర్మాగారము

విశాఖపట్టణమున పాత ఊరి చివర, రేవు ముఖద్వారము నానుకొని మూడు చిన్న కొండలు కలవు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, వేరొకదానిపై మేరీమాత చర్చి వెలసియున్నవి. ఏ కొండ నెక్కి చూచినను కనబడు దృశ్య మొక్కటియే. ఎదుట సముద్రములోనికి ముక్కు సాచి నిలిచిన డాల్ఫిన్ నోస్ కొండ. దాని నీడలో సన్నని నీటిదారి. ఆ దారి వెంట లోపలికి చూపు సారించినచో ఆకాశమున చేతులు చాచిన పెద్ద పెద్ద క్రేనులు. ఆ క్రేనుల క్రింది తావే మన ఓడల కర్మాగారము. ఊరివారు దానిని షిప్‌యార్డు అందురు. దాని పరిసరములకు మాత్రము సింధియా అని పేరు. బస్సు కండక్టరు ఆ పేరు కేక వేయగనే దిగువారు దిగుదురు, ఎక్కువారు ఎక్కుదురు. కాని అది ఎవరి పేరో, ఇంత దూరమున ఈ తీరమున కెట్లు వచ్చి నిలిచినదో తలచువారు అరుదు. ఆ వృత్తాంతమును మన శ్రోతలకు విన్నవింపవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఓడలు కట్టుట ఆంధ్రతీరమునకు క్రొత్త విద్య కాదు. శాతవాహన ప్రభువులు ముద్రించిన నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ నేటికిని స్పష్టముగ కనబడుచున్నది. రాజు తన నాణెముపై ఓడను వేయించెనన్న, ఆ రాజ్యపు సంపదలో సముద్రమునకు భాగముండె ననియే అర్థము. అంత ప్రాచీనకాలమునకు పోనక్కరలేదు. గోదావరి ముఖమున యానాము చెంతనున్న కోరంగి 18, 19 శతాబ్దులలో ఓడల నిర్మాణమునకును, మరమ్మతునకును ప్రసిద్ధి కెక్కిన రేవు. కోరంగి వడ్రంగులు కట్టిన ఓడలు బంగాళాఖాతము దాటి బర్మా రేవులకు పోవుచుండెడివి. బర్మా దేశస్థులు తెలుగువారి నందరను ‘కోరంగీ’లని పిలిచెడివారన్న, ఆ చిన్న రేవు పేరు ఎంత దూరము వ్యాపించినదో తెలిసికొనవచ్చును.

ఆ కోరంగి ఏమైనది? 1789లో నొకమారు, 1839లో మరియొకమారు ఉప్పెన వచ్చి రేవును ముంచివేసినది. తరువాత ఇసుక మేటలు వేసి నీటిలోతు తగ్గినది. అంతకంటె పెద్ద దెబ్బ వేరొకటి కలదు. కొయ్య ఓడల స్థానమున ఇనుప ఓడలు, తెరచాపల స్థానమున ఆవిరి యంత్రములు వచ్చినవి. కోరంగి వడ్రంగికి తెలిసిన విద్య కొయ్యకు సంబంధించినది. ఇనుప పలకలను వంచు పనిని అతనికి నేర్పువారు లేకపోయిరి. నేర్పినను అతనికి పని నిచ్చువారు లేకపోయిరి. ఒక తరము చేతిలో పని లేక కూర్చుండినచో రెండవ తరమునకు ఆ పని పేరు కూడ తెలియదు. కోరంగి మనకు చెప్పు పాఠమిదియే. ఈ పాఠమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మన కథలో ముందు దీనితో అవసర ముండును.

ఇది కోరంగికి మాత్రమే పట్టిన గతి కాదు. బొంబాయిలో 1736 మొదలు వాడియా వంశీయులైన పారసీ నిర్మాతలు టేకుతో కట్టిన ఓడలను బ్రిటిషు నౌకాదళము కోరి కొనుచుండెడిది. 1817లో వారు కట్టిన ట్రింకోమలీ అను యుద్ధనౌక నేటికిని ఇంగ్లండునందు నీటిపై నిలిచియున్నది. అట్టి విద్య సైతము ఇనుము, ఆవిరి కలిసి వచ్చినప్పుడు అడుగంటినది. 19వ శతాబ్ది చివరకు మన తీరమున సరకును, మనుష్యులను చేరవేయు పని విదేశీ కంపెనీల గుత్తసొత్తైనది. వానిలో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ప్రధానమైనది. విశాఖనుండి, కాకినాడనుండి కూలికై రంగమునకు పోవు మన తెలుగువారు ఎక్కిన స్టీమరులు చాలవరకు ఆ కంపెనీవే.

ఈ గుత్తాధిపత్యము నెదిరించుటకు మొదట సాహసించినవారిలో వి. ఓ. చిదంబరం పిళ్ళె చిరస్మరణీయుడు. 1906లో ఆయన తూత్తుకుడిలో స్వదేశీ స్టీమరు కంపెనీని నెలకొల్పెను. విదేశీ కంపెనీవారు ఛార్జీలను అంతకంతకు తగ్గించి, తుదకు టిక్కెట్టు లేకుండ ఎక్కించుకొని పైగా గొడుగును కూడ బహుమానముగ నిచ్చిరని చెప్పుకొందురు. 1908లో పిళ్ళెగారిని ప్రభుత్వము చెరలో పెట్టినది. కంపెనీ కొలదికాలములోనే మూతపడినది.

పదునొకండేండ్ల తరువాత బొంబాయిలో మరియొక ప్రయత్నము జరిగినది. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మున్నగు వర్తకులు కలిసి గ్వాలియరు మహారాజుగారి యొద్దనుండి ఒక ఓడను కొనిరి. దాని పేరు లాయల్టీ. గ్వాలియరు రాజవంశము పేరు సింధియా గనుక, వారు స్థాపించిన కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని పేరైనది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయినుండి లండనుకు బయలుదేరినది. భారతీయుల యాజమాన్యమున నున్న ఓడ అంత దూరయాత్రకు పూనుట నాటికి గొప్ప వార్త. ఏటేట ఏప్రిల్ 5వ తేదీని జాతీయ నౌకాదినముగ జరుపుకొనుట కదియే కారణము. విశాఖలో బస్సు కండక్టరు వేయు కేకకు మూలమును గూడ అక్కడనే వెదకవలెను.

కంపెనీ స్థాపించుట యొక ఎత్తు, నిలుపుకొనుట యొక ఎత్తు. 1923లో విదేశీ కంపెనీలతో చేసికొన్న ఒడంబడిక వలన సింధియా ఓడలు మన తీరమును, ఇరుగుపొరుగు రేవులను దాటిపోవుటకు వీలులేక పోయినది. తీరవాణిజ్యమును స్వదేశీ ఓడలకే ప్రత్యేకింపవలెనని 1928లో ఎస్. ఎన్. హాజీగారు కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. ఈ చిక్కులన్నిటి నడుమ వాల్‌చందుగారికి ఒక సంగతి స్పష్టమైనది. ఓడలను పరాయివారి యొద్ద కొనునంతకాలము ఓడలు నడుపు స్వాతంత్ర్యము సగము స్వాతంత్ర్యమే. ఓడలు ఇక్కడనే పుట్టవలెను.

ఇక విశాఖకు వత్తము. మేఘాద్రిగెడ్డ సముద్రములో కలియుచోట పూర్వము ఉప్పునీటి బాడవలు, అడుసు, దోమలు తప్ప మరేమియు లేవు. ఓడలు దూరముగ సముద్రములోనే లంగరు వేసికొని నిలువగా, పడవలు అలలపై ఊగుచు సరకులను, మనుష్యులను ఒడ్డునకు చేర్చుచుండెడివి. కలకత్తాకును మద్రాసునకును నడుమ పెద్ద ఓడ నిర్భయముగ ఒడ్డు చేరదగిన రేవు లేదు. మధ్యపరగణాలలో త్రవ్విన మాంగనీసు ఖనిజమును ఎగుమతి చేయుటకు దగ్గరి దారియు కావలసియుండెను. అందుచే 1927 ప్రాంతమున రేవు పని ప్రారంభమైనది. డ్రెడ్జరులు రాత్రింబగళ్ళు అడుసును తోడిపోసినవి. తోడిన మట్టితో పల్లపు నేలను మెరకచేసిరి. అలల తాకిడిని ఆపుటకు రెండు పాత ఓడలను డాల్ఫిన్ నోస్ కొండ చెంత ముంచి వానినే అడ్డుకట్టగ నుపయోగించిరి. మొత్తము 378 లక్షల రూపాయలు వ్యయమైనవి.

1933 అక్టోబరు 7న క్రొత్త రేవులో మొదటి ఓడ ప్రవేశించినది. దాని పేరు జలదుర్గ. అది సింధియా కంపెనీవారి ప్రయాణికుల ఓడ. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు వచ్చి రేవును లాంఛనముగ తెరచిరి గాని, రేవునకు నిజమైన గృహప్రవేశము జలదుర్గయే చేసినదని చెప్పవచ్చును. ముందు జరుగబోవు కథకు అది శుభసూచకమువలె తోచును.

ఓడల కర్మాగారమునకు సింధియావారు మొదట కలకత్తాను ఆలోచించిరి. అచటి రేవు అధికారులతో షరతులు కుదురలేదు. అప్పుడు విశాఖ వారి దృష్టికి వచ్చినది. కొండ చాటున అలలు సోకని లోతైన నీరు, తీరమున విశాలమైన ఖాళీనేల, టాటావారి ఉక్కు తెచ్చుటకు జంషెడ్‌పూరునుండి రైలుమార్గము: ఈ మూడును ఒకచోట కుదురుట అరుదు. అప్పటికి రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. సముద్రముపై ప్రతిదినము ఓడలు మునుగుచుండగ, ఓడలు కట్టుదు మను వానిని ప్రభుత్వము భుజము తట్టి ప్రోత్సహించునని మన మనుకొందుము. కాని నాటి ప్రభుత్వము చేయూత నీయలేదు. ఆ నిరాదరణను లెక్కచేయక 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారి చేతులమీదుగ శంకుస్థాపన చేయించిరి. ఆ ప్రదేశమునకు గాంధీగ్రామ మను పేరు స్థిరపడినది.

పది నెలలైన నిండలేదు. 1942 ఏప్రిల్ 6, సోమవారమునాడు జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. అదే దినమున కాకినాడయు వాటి వాత పడినది. అంతవరకు యుద్ధమన్న పత్రికలలో చదువుకొను సంగతి. ఆనాటితో అది ఇంటి కప్పుమీదికి వచ్చినది. జనులు మూటాముల్లె కట్టుకొని బండ్లపై, రైళ్ళపై, కాలినడకను పల్లెలకు పోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొంతకాలము గుంటూరునకు తరలిపోయినది. గాంధీగ్రామమున పని కుంటుపడినది. సగము లేచిన గోడల నడుమ గడ్డి మొలచినదన్న అతిశయోక్తి కాదు.

యుద్ధము ముగిసిన తరువాత పని మరల ఊపందుకొన్నది. 1946లో మొదటి ఓడకు అడుగు దూలము వేసిరి. ఇచ్చట ఓడ ఎట్లు పుట్టునో కొంచెము చెప్పుకొందము. ముందుగ విశాలమైన చెక్కనేల గల గదిలో ఓడ భాగములను నిజ పరిమాణమున గీతలు గీసికొందురు. ఆ గీతల ప్రకారము చెక్కతో మాదిరులు చేసి, ఆ మాదిరుల ననుసరించి ఉక్కు పలకలను కోసి, కాల్చి, వంచుదురు. నీటివైపునకు వాలుగా నున్న వేదికపై మొదట వెన్నెముకవంటి అడుగు దూలమును, దానిపై ప్రక్కటెముకలవంటి కమ్ములను నిలిపి, వానిపై చర్మమువలె పలకలను కప్పుదురు. పలకలను కలుపుటకు ఆ రోజులలో రివెట్లే ఆధారము. ఒకడు కొలిమిలో రివెట్టును ఎర్రగ కాల్చి పట్టకారుతో విసరును. ఒకడు దానిని పట్టి రంధ్రములో దూర్చును. లోపలివైపున నొకడు అదిమిపట్టియుండగ, వెలుపల నొకడు సుత్తితో దాని తల నణచును. నలుగురిలో ఏ ఒక్కడు ఏమరినను ఆ రివెట్టు చెడును. రివెట్టు చెడినచోట నీరు చొరబడును. ఓడ యన్నది నలుగురు మనుష్యుల నడుమ కుదిరిన నమ్మకము లక్షలసారులు మరల మరల జరుగగా తయారైన వస్తువు.

మావంటి రేడియోవారికి ఏ స్థలమునైనను ముందు చెవితో గ్రహించుట అలవాటు. రివెట్ల కాలమున షిప్‌యార్డు ధ్వని రేవు కావలి యొడ్డునకు సైతము వినబడెడిదని పాతవారు చెప్పుదురు. వెల్డింగు వచ్చిన పిమ్మట ఆ మ్రోత తగ్గి, దాని స్థానమున నీలివెలుగులు వచ్చినవి. వినదగిన పని చూడదగిన పనిగ మారినదన్నమాట; అయినను చేతి నైపుణ్యము అవసరమగుట మాత్రము మారలేదు.

1948 మార్చి 14, ఆదివారము. గాంధీమహాత్ముడు మరణించి నెలన్నర దినములైనను నిండలేదు. దేశవిభజన గాయములు పచ్చిగనే యున్నవి. ఆ దినమున ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ విశాఖకు వచ్చి, మొదటి ఓడను జలప్రవేశము చేయించెను. ఓడ పేరు జల ఉష. సుమారు 8,000 టన్నుల బరువు మోయగల స్టీమరు. జలప్రవేశమనునది క్షణకాలపు పని. కాని దానికి ముందు వారముల తరబడి సన్నాహము. దారిపొడవున కొవ్వు పూసి, ఓడ బరువును మెల్లమెల్లగ దిమ్మెలనుండి జారుడు చట్రముపైకి మార్చి, ఆఖరు బంధమును తెంచుట కొరకు అందరు ఊపిరి బిగబట్టి నిలువవలెను. జారునా, మధ్యలో నిలుచునా, ప్రక్కకు ఒరుగునా? జల ఉష ఎట్టి తడబాటును లేక నీటిలోనికి జారినది. బాడవలు, దోమలు తప్ప మరేమియు లేని తావున స్వతంత్రదేశపు మొదటి పెద్ద స్టీమరు తేలినది. పేరులో నున్న ఉష వట్టి అలంకారము కాదు.

ఉదయించిన పిమ్మట ఎండ తప్పదు గదా! ఓడ కట్టుటకు ఇచ్చట అయిన ఖర్చు ఇంగ్లండులో కట్టించుదానికంటె ఎక్కువగ తేలినది. యంత్రములు విదేశములనుండి రావలెను. ఉక్కు చాలినంత దొరకదు. పనివారు క్రొత్తవారు. పరదేశపు కార్ఖానాలకు నూరేండ్ల అనుభవమున్నది, మనవారికి రెండేండ్లు. ఓడ కొనువాడు చౌక చూచునే గాని దేశభక్తి చూడడు. ఆర్డర్లు లేకపోయినచో వేలమంది పనివారిని ఇంటికి పంపి తలుపులు మూయవలసినదే. ప్రభుత్వము కొన్ని ఓడలకు ఆర్డర్లిచ్చినది గాని, అది తాత్కాలిక శాంతియే.

అప్పుడు దేశము ముందు నిలిచిన ప్రశ్న చిన్నది కాదు. నష్టము వచ్చు కార్ఖానాను ప్రజల పన్నుల సొమ్ముతో నిలబెట్టుట న్యాయమా? ఆ ధనముతో విదేశమున ఎక్కువ ఓడలు కొనవచ్చును గదా? వాదము బలమైనదే. దానికి సమాధానము లెక్కల పుస్తకములో దొరకదు, కోరంగిలో దొరకును. మూసిన కార్ఖానాను మరల తెరువవచ్చును, యంత్రములను మరల కొనవచ్చును. చెదరిపోయిన చేతులను మరల కూర్చుట మాత్రము సాధ్యము కాదు. మేఘాద్రిగెడ్డ ఒడ్డున రెండుమూడేండ్లలో అక్షరాలవలె దిద్దుకొన్న ఆ విద్య ఒక్కసారి చెదరినచో, విశాఖ మరియొక కోరంగి యగును.

ప్రభుత్వము నిలబెట్టుటకే నిశ్చయించినది. 1952 జనవరి 21న హిందూస్థాన్ షిప్‌యార్డు అను కంపెనీ ఏర్పడి, కర్మాగారమును స్వాధీనము చేసికొన్నది. అందు మూడింట రెండు వంతులు ప్రభుత్వమునకు, ఒక వంతు సింధియావారికి వాటా. ఫ్రెంచి నిర్మాణసంస్థ నొకదానిని సాంకేతిక సలహాకై పిలిచిరి. ఇచ్చటి ఖర్చునకును ఇంగ్లండు ధరకును గల తేడాను ప్రభుత్వము భరించు పద్ధతి వచ్చినది. 1961లో సింధియావారి వాటా కూడ ప్రభుత్వపరమై, కర్మాగారము పూర్తిగ దేశము సొత్తైనది. ఈ యజ్ఞమునకు సంకల్పము చెప్పుకొన్న వాల్‌చందుగారు 1953లో కన్నుమూసిరి. తాను పెంచిన బిడ్డ ప్రభుత్వము చేతిలోనికి పోవుట ఆయన చూచిరి. ఆ బిడ్డ బ్రతికినదని కూడ చూచిరి.

అటుపైని చరిత్రలో వెలుగునీడలు రెండును కలవు. 1971లో ఓడలను లోపలికి తెచ్చి నీరు తోడివేసి మరమ్మతుచేయు పెద్ద డ్రైడాకు సిద్ధమైనది. సరకుల ఓడలు, నూనెబావుల తావులకు పోవు ఓడలు, నౌకాదళపు ఓడలు అన్నియు కలిసి ఇంతవరకు ఇచ్చట పుట్టినవి దాదాపు 200. నష్టముల భారమును చాలకాలము మోసి, 2010లో కర్మాగారము నౌకాయాన శాఖనుండి రక్షణశాఖకు మారినది. క్షిపణుల గమనమును కనిపెట్టు ఐ.ఎన్.ఎస్. ధ్రువ్ ఇచ్చట తయారై 2021లో నౌకాదళమున చేరినది. దాని కొక యేడు ముందు, 2020 ఆగస్టు 1న, క్రొత్త క్రేనును పరీక్షించుచుండగ అది కూలి 11 మంది ప్రాణములు కోల్పోయిరి. కొండమీదనుండి చూచువారికి ఆకాశమున అందముగ కనబడు ఆ క్రేనుల క్రింద మనుష్యుల ప్రాణములున్నవని ఆ దినము మనకు జ్ఞాపకము చేయుచున్నది. ఓడల పేర్లు వ్రాసియుంచునట్లే, ఓడలకొరకు పోయినవారి పేర్లను గూడ తలచుకొనుట మన విధి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సింధియా కంపెనీవారి చేతినుండి ఈ కర్మాగారము దాటిపోయి 60 ఏండ్లు దాటినది. ఫలకములపై పేరు మారినది, యజమాని మారెను, శాఖ మారెను. అయినను ఊరివారి నాలుకపై ఆ పేరు మారలేదు. ప్రజలు చరిత్ర వ్రాయరు, పలుకుదురు. గ్వాలియరు రాజుగారి ఓడ యొకటి 1919లో బొంబాయి విడిచి బయలుదేరిన జ్ఞాపకము, నేడు విశాఖ బస్సులో రెండు మూడు అక్షరములుగ తిరుగుచున్నది.

విశాఖకు పోవు శ్రోతలు సాయంకాలమున ఆ మూడు కొండలలో ఒకదాని నెక్కి ఆ వైపు చూతురుగాక. వాలు వేదికపై సగము లేచిన ఓడ యేదైన కనబడినచో, దాని ఎముకల నడుమ వెల్డింగు వెలుగులు మినుకుమినుకు మనుచుండును. కోరంగిలో ఆరిపోయిన దీపము ఇచ్చట వేరొక రూపమున వెలిగించిరని, ఆరిపోకుండ నిలుపుటకు వేలమంది తమ చేతులను అడ్డుపెట్టిరని అప్పుడు తప్పక తోచును.